పెరుగుతున్న ఉడుముకు ఒక్క బల్బు వేడి చాలదు

ప్రశ్న: మేము టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాం. హైస్కూల్లో చదువుతున్న మా అబ్బాయి ఏడాదిన్నర కిందట ఒక సవానా మానిటర్‌ను, అంటే ఆఫ్రికా ఉడుమును, తెచ్చుకున్నాడు. తెచ్చినప్పుడు జానెడు ఉండేది, ఇప్పుడు తోకతో కలిపి రెండున్నర అడుగులకు వచ్చింది. మొదటినుంచీ నాలుగడుగుల గాజు తొట్టెలోనే ఉంచుతున్నాం. పైన జాలీ మూత మీద ఎండలా కాచుకోవడానికి వేడినిచ్చే 100 వాట్ల బాస్కింగ్ బల్బు ఒకటి పెట్టాం. తొట్టె గోడకు అంటించిన గుండ్రటి థర్మామీటరు 95 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది. అయినా అది రోజంతా బల్బు కిందనుంచి కదలడం లేదు. తిన్నది రెండుసార్లు కక్కింది. వీపు నడుమ రూపాయి బిళ్లంత మచ్చ నల్లగా, గట్టిగా తయారైంది. వేడి చాలక అలా ఉంటోందని, 150 వాట్ల బల్బు పెట్టమని దుకాణంలో అన్నారు. పెట్టవచ్చా? కరెంటు బిల్లు పెరుగుతుందని మావారి భయం. పైగా జూన్ నెలాఖరులో నెల రోజులకు ఇండియా వెళ్తున్నాం.

సమాధానం: 150 వాట్ల బల్బు పెట్టకండి. మీరు చెప్పిన లక్షణాలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపిస్తాయి. వీపు మీది మచ్చ వేడి ఎక్కువైందని చెబుతుంటే, రోజంతా బల్బు కిందే పడి ఉండడం, తిన్నది కక్కడం వేడి చాలడం లేదని చెబుతున్నాయి. నిజానికి ఇవన్నీ ఒకే లోపంనుంచి వస్తున్నాయి. మీ బల్బు వేడి ఒక చిన్న వలయంలో మితిమీరి ఉంది, ఆ వలయం దాటగానే పనికిరానంత తగ్గిపోతోంది. అదే చోట మరింత బలమైన బల్బు పెడితే వలయంలోని వేడి పెరుగుతుందే తప్ప దాని వెడల్పు పెద్దగా పెరగదు. కాలిన చోటే మళ్లీ కాలుతుంది, కడుపు మాత్రం చల్లగానే ఉండిపోతుంది. మీ ఉడుముకు ఇప్పుడు కావలసింది దాని ఒంటి పొడవంతా ఒకేసారి పడే వెడల్పాటి వేడి.

ముందుగా ఆ మచ్చ సంగతి చూడాలి. విడవకుండా అంటుకుపోయిన పాత కుబుసం కూడా ఒక్కోసారి నల్లబడి గట్టిగా కనిపిస్తుంది. అయితే సరిగ్గా బల్బు కిందికి వచ్చే వీపు భాగంలోనే వచ్చింది కాబట్టి దాన్ని కాలిన గాయంగానే భావించి, ఈ వారంలోనే సరీసృపాలను చూసే వైద్యుడికి చూపించండి. కుక్కలనూ పిల్లులనూ చూసే ప్రతి క్లినిక్‌లోనూ ఈ అనుభవం ఉండదు. సరీసృపాల, ఉభయచరాల పశువైద్యుల సంఘమైన ఏఆర్‌ఏవీ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతంలోని వైద్యులను వెతుక్కునే వీలుంది. ఇంట్లో అలవాటు కొద్దీ పసుపు, కొబ్బరినూనె, వెన్న లాంటివి రాయకండి. మనుషులు కాలిన గాయాలకు వాడే లేపనాల్లో కొన్నిటిలో నొప్పి తెలియకుండా చేసే మందులు కూడా కలుస్తాయి కాబట్టి వైద్యుడు చెప్పనిదే అవీ వాడకండి. కక్కిన సంగతి కూడా ఆయనకు చెప్పండి, ఎందుకంటే పరాన్నజీవుల వల్లా, పేగుల్లో అడ్డు వల్లా కూడా అలా జరగవచ్చు. చూపించేదాకా ఎలుకల వంటి పెద్ద ఆహారం పూర్తిగా ఆపేయండి. ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. ఉన్న బల్బును నాలుగైదు అంగుళాలు పైకి జరిపి, దాని పక్కనే తక్కువ వాట్లున్న ఇంకో బల్బును పెట్టి, రెంటి వెలుగూ ఒకదానిమీద ఒకటి పడేలా చూడండి. ఇది తాత్కాలికమే అయినా కాలడం ఆగుతుంది.

ఇక అసలు విషయం. ఈ జాతి సహారాకు దిగువనున్న ఆఫ్రికా గడ్డిమైదానాలది. పెంపకం కోసం అమెరికాకు వచ్చేవి ఎక్కువగా ఘానా, టోగో, బెనిన్ దేశాలవి. ఆ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నపు ఎండలో నేల మనం చెయ్యి ఆనించలేనంత కాలిపోతుంది. ఉడుము అక్కడ గంటలకొద్దీ పడుకోదు. పొద్దున్నే బొరియలోంచి వచ్చి, కాసేపు ఎండ కాచుకుని, ఒంటి లోపలి వేడి దాదాపు మన ఒంటి వేడికి దగ్గరగా, అంటే 36 నుంచి 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే తిండి వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. ఆ వేడి లోపలిదాకా చేరినప్పుడే దాని జీర్ణరసాలు సరిగా పనిచేస్తాయి, రోగాలను తట్టుకునే శక్తి కూడా అప్పుడే ఉంటుంది. వేడి చేరకపోతే తిన్నది కడుపులో అరగకుండా నిలిచిపోతుంది, చివరికి బయటికి వస్తుంది. రోజంతా దీపం కింద కదలకుండా పడుకున్న ఉడుమును చూసి హాయిగా ఉందని చాలామంది అనుకుంటారు. అది అవసరమైన వేడి అందక ఇంకా ఎదురుచూస్తోందని నేనంటాను. ఆరోగ్యంగా ఉన్న ఉడుము కాచుకోవడం తొందరగా ముగించి, మిగిలిన పగలంతా మట్టి తవ్వుతూ, వాసన చూస్తూ తిరుగుతుంది.

జానెడు పిల్లకు సరిపోయిన బల్బు ఇప్పుడు ఎందుకు సరిపోవడం లేదో చూడండి. అప్పుడు దాని తల, నడుము, తోక మొదలు అన్నీ ఆ వలయంలోనే ఇమిడిపోయేవి. ఇప్పుడు రెండున్నర అడుగుల్లో తోక తీసేస్తే మూతినుంచి తోక మొదలుదాకా సుమారు 14, 15 అంగుళాలుంటుంది. ఒక స్పాట్ బల్బు దగ్గరనుంచి వేసే వేడి వలయం మహా అయితే ఐదారు అంగుళాలు. పైగా పొడవు మూడు రెట్లయిన జంతువు బరువు మూడు రెట్లతో ఆగదు, ఇంచుమించు 27 రెట్లవుతుంది. అంత శరీరాన్ని అరచేయంత చోటునుంచి వేడెక్కించాలంటే గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ ఒకే చోట చర్మం కాలుతూనే ఉంటుంది. పెద్ద పెనం కింద సన్నని మంట ఒక్కచోటే పెడితే అట్టు నడుమ మాడి, అంచులు పచ్చిగా మిగిలిపోవడం లాంటిదే ఇది. లోపల చల్లగా ఉన్నంతసేపూ ఉడుము అక్కడినుంచి లేవదు కాబట్టి, వేడి తగిలితే అదే తప్పుకుంటుందిలే అన్న భరోసా ఇక్కడ పనికిరాదు.

ఇంకో సంగతి ఎవరి దృష్టికీ సులభంగా రాదు. పిల్లగా ఉన్నప్పుడు దాని వీపు నేలకు అంగుళం ఎత్తులో ఉండేది. ఇప్పుడు మూడు, నాలుగు అంగుళాల ఎత్తుకు వచ్చింది. బల్బు అక్కడే ఉంది, వీపు మాత్రం దానికి దగ్గరవుతూ వచ్చింది. దీపానికి దగ్గరయ్యే కొద్దీ వేడి ఒక లెక్కన నెమ్మదిగా కాకుండా చాలా తొందరగా పెరుగుతుంది. అందుకే నేల మీద కొలిచిన వేడి సరిగ్గా ఉన్నా వీపు మీద పడేది ప్రమాదకరంగా ఉండవచ్చు. కొలిచేటప్పుడు ఉడుము వీపు ఎంత ఎత్తు వస్తుందో అంత మందమున్న చెక్కముక్కను బల్బు కింద పెట్టి, గంటసేపు ఉంచి, దాని పైభాగం వేడిని చూడండి. ఆ అంకెనే నమ్మండి. నెలకొకసారి ఉడుమును కొలిచి, దాని ఎత్తు పెరిగినప్పుడల్లా చెక్కముక్కను మార్చి ఈ పని మళ్లీ చేయమని మీ అబ్బాయికి చెప్పండి. ఈ జాతి మూడు, మూడున్నర అడుగులదాకా ఎదుగుతుంది కాబట్టి ఇంకా కొంతకాలం ఈ కొలత మారుతూనే ఉంటుంది.

గోడకు అంటించిన గుండ్రటి థర్మామీటరును తీసేయండి. అది తాను అంటుకున్న గాజు దగ్గరి గాలి వేడిని, అదీ ఉజ్జాయింపుగా, చెబుతుందే కానీ ఉడుము పడుకునే చోటు గురించి ఏమీ చెప్పదు. మీ 95 డిగ్రీల అంకె వెనక బల్బు కింద 160 ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఉపరితలం వేడిని కొలవడానికి టెంపరేచర్ గన్ కొనండి, 20, 30 డాలర్లలో పనికొచ్చేది దొరుకుతుంది. దానిమీద 12:1 అని రాసి ఉంటే, 12 అంగుళాల దూరంనుంచి అంగుళం వెడల్పు వలయంలోని సగటు వేడిని చూపిస్తుందని లెక్క. దూరంనుంచి గురిపెడితే చల్లటి చోట్లు కూడా కలిసిపోయి అంకె తగ్గుతుంది కాబట్టి దగ్గరగా పట్టుకుని కొలవాలి. కనబడే ఎర్రచుక్క గురి చూసుకోవడానికే, దాన్ని ఉడుము కళ్లలో పడనీయకండి. మెరిసే లోహం మీద ఈ పరికరం తప్పు చెబుతుంది, చెక్క మీద, రాయి మీద, మట్టి మీద సరిగ్గా చెబుతుంది. గాలి వేడికి మాత్రం తీగ చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని, చల్లటి చివర ఒకటి, బొరియలో ఒకటి ఉంచండి.

ఎంత ఉండాలి అన్నదానికి వస్తే, ఎండ కాచుకునే చోట ఉపరితలం 120 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 49 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మొదటిసారి ఈ అంకె విన్నవారు కంగారుపడతారు, బహుశా మీరూ పడతారు. వేడి ఒంటి పొడవంతా సమంగా పడుతూ, కావలసినప్పుడు తప్పుకునే చోటు ఉంటే అది ఆ వేడిలో కొద్ది నిమిషాలే ఉంటుంది. గాయమున్న మీ ఉడుముకు మాత్రం మానేదాకా 120 దగ్గరే ఆపడం మేలు. తొట్టెలో రెండో చివర గాలి 75 నుంచి 85 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ చల్లటి చివర లేకపోతే పైన చెప్పినదంతా వృథా, ఎందుకంటే తప్పించుకునే దారి లేని వేడి ఉడుమును చంపుతుంది. రాత్రి దీపాలన్నీ ఆర్పేయండి. ఇంట్లో 75కు తగ్గే చలికాలపు రాత్రుల్లో మాత్రమే వెలుగు రాని సిరామిక్ హీటర్‌ను థర్మోస్టాట్‌కు తగిలించి వాడండి.

బల్బుల విషయంలో నా సలహా స్పష్టం. ఒక పెద్ద బల్బుకు బదులు రెండో మూడో 50 నుంచి 75 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బులు, పెట్టె మీద పార్38 (PAR38) అని ఆకారం రాసి ఉండేవి, వరుసగా దగ్గరదగ్గరగా పెట్టండి. స్పాట్ అని రాసి ఉన్నది కిరణాన్ని ఇరుకుగా పోగేస్తుంది, ఫ్లడ్ అన్నది వెడల్పుగా పరుస్తుంది. అందుకే కొనేటప్పుడు ఆ మాట చదివి కొనాలి. వీపునుంచి బల్బు ముఖందాకా అడుగు దూరంతో మొదలుపెట్టి, చెక్కముక్క మీద కొలుస్తూ పైకీ కిందికీ జరుపుకోండి. మూడు బల్బుల వెలుగు కలిసి కనీసం 18 అంగుళాల పొడవు, అడుగు వెడల్పు చోటును ఇంచుమించు ఒకే వేడిలో ఉంచగలిగితే ఇంకొన్నాళ్లపాటు మీకు దిగులుండదు. హాలోజనే ఎందుకంటే, దాని తీగ చాలా వేడిగా వెలుగుతుంది కాబట్టి సూర్యుడినుంచి వచ్చేలాంటి పొట్టి తరంగాల పరారుణ కిరణాలు దాన్నుంచి ఎక్కువగా వస్తాయి, అవి చర్మం దాటి కండలోకి చేరతాయి. సిరామిక్ హీటర్లనుంచి వచ్చే పొడవాటి తరంగాలు చర్మం పైపొరలోనే ఆగిపోతాయి. అందుకే పగటిపూట ఎండ స్థానంలో వాటిని పెట్టకూడదు. ఇక కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు దుకాణంలో ఎంత ముచ్చటగా కనిపించినా మీ ఇంటికి తేకండి. పొట్ట కింద కాలిన గాయాలతో వైద్యుల దగ్గరికి వచ్చే బల్లిజాతి జంతువుల్లో వాటి బాధితులు చాలా ఉన్నాయి.

అమెరికాలో ఇప్పుడొక చిక్కుంది. సాధారణ దీపాలు వాటుకు కనీసం 45 ల్యూమెన్ల వెలుగు ఇవ్వాలన్న నియమం 2023 ఆగస్టునుంచి పూర్తిగా అమల్లోకి రావడంతో, హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒకప్పుడు చవకగా దొరికిన హాలోజన్ ఫ్లడ్ బల్బుల స్థానాన్ని అదే ఆకారంలోని ఎల్‌ఈడీలు ఆక్రమించాయి. చూడడానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ‘75 వాట్లకు సమానం’ అని పెట్టె మీద ఉన్న ఎల్‌ఈడీ నిజంగా వాడేది పది పన్నెండు వాట్లే కాబట్టి దాన్నుంచి ఉడుముకు వేడి అందదు. సరీసృపాల సామాను అమ్మేచోట హాలోజన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొద్దిగా ధర ఎక్కువైనా అవే తెచ్చి, ఒకటి రెండు అదనంగా ఇంట్లో ఉంచుకోండి. హోల్డర్లు మాత్రం పింగాణీవే అయి ఉండాలి, ప్లాస్టిక్‌వి ఈ వేడికి కరిగిపోతాయి.

బల్బుల కింద ఏం పెట్టాలన్నదానికి ఉడుములు పెంచేవారిలో బాగా నిలిచిన పద్ధతి ఒకటుంది. ఉడుముల పెంపకందారు ఫ్రాంక్ రెటిస్ పేరుమీద దాన్ని రెటిస్ స్టాక్ అంటారు. నాలుగైదు ప్లైవుడ్ పలకలను ఒకదానిమీద ఒకటి, నడుమ చెక్కముక్కలతో సందు వదులుతూ పేరుస్తారు. పై పలక 130 డిగ్రీలుంటే దాని కింది సందు కొంత తక్కువగా, అట్టడుగుది 85, 90 దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఉడుము తనకు కావలసిన వేడిని చీకట్లో దాక్కునే ఎంచుకోగలుగుతుంది. సందు ఎత్తు దాని వీపు పై పలకకు తగిలీ తగలనట్టు ఉంటే దానికి భద్రంగా అనిపిస్తుంది. పెరిగే కొద్దీ చెక్కముక్కలు మారిస్తే సరిపోతుంది. నాకు ఈ పద్ధతి మీద చాలా గురి. కొత్తచోట బెదిరే ఉడుములు వెలుగులోకి రావడానికి జంకి చలిలోనే ఉండిపోతుంటాయి, వాటికి కూడా వేడి అందించే మార్గం ఇది.

మీ నాలుగడుగుల తొట్టెలో ఇదంతా ఎన్నాళ్లో సాగదని కూడా చెప్పాలి. పెద్దదైన సవానా మానిటర్‌కు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న చెక్క పెట్టె, అందులో తవ్వుకోవడానికి రెండడుగుల లోతు తడిమట్టి అవసరం. జాలీ మూత ఉన్న తొట్టెలో బల్బు వేడికి గాలి పైకి లేచి, తేమనంతా వెంటబెట్టుకుని బయటికి పోతుంది. బల్బులు పెంచితే అది మరింత ఎండిపోతుంది. గడ్డిమైదానపు జంతువు కదా అని పొడి ఇసుకలో పెంచడం పెద్ద పొరపాటు. అక్కడ కూడా అది పగటి ఎండనుంచి తప్పుకుని తేమగా ఉండే బొరియల్లోనే ఎక్కువ కాలం గడుపుతుంది, నీటి కొరత ఏళ్లతరబడి సాగితే మూత్రపిండాలు చెడి, కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకుపోయే గౌట్ జబ్బు వస్తుంది. కొత్త పెట్టె తయారయ్యేదాకా జాలీలో దీపాలకు దూరంగా ఉన్న భాగాన్ని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, మట్టిని తడిపి ఉంచండి. కొత్త పెట్టెలో రెండడుగుల మట్టి పోను మిగిలే రెండడుగుల్లో బల్బు, హోల్డరు కలిసి ఎనిమిది అంగుళాలు తీసుకుంటాయి, పలకల పేర్పును పై పలక మట్టి మట్టానికి వచ్చేలా లోపలికి దించితే వీపుకూ బల్బుకూ మధ్య మీకు కావలసిన అడుగు ఇంచుమించు మిగులుతుంది. అయితే ఉడుము వెనక కాళ్లమీద నిలబడి ఆ అడుగును సులభంగా అందుకోగలదు. అందుకని ప్రతి బల్బు చుట్టూ గట్టి తీగ జాలీ బిగించాలి, ఆ జాలీ బల్బుకు కనీసం రెండు అంగుళాలు ఎడంగా ఉండాలి, దాని కన్నాల్లో గోళ్లు ఇరుక్కోకూడదు.

యూవీబీ ట్యూబును, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని ఇచ్చే దీపాన్ని, బల్బుల వరుస పక్కనే పెడితే వేడీ ఆ వెలుగూ ఒకేచోట పడతాయి. దీపాలన్నీ టైమరుతో రోజుకు 12, 13 గంటలు వెలగనివ్వండి. హాలోజన్లకు డిమ్మర్ పెట్టుకుంటే టెక్సస్ ఎండాకాలంలో ఇల్లు వేడెక్కినప్పుడు కొద్దిగా తగ్గించుకోవచ్చు. థర్మోస్టాట్ ప్రోబ్‌ను బల్బు కింద కాకుండా చల్లటి చివర ఉంచి, అక్కడి గాలి 90 డిగ్రీలు దాటితే దీపాలు ఆరిపోయేలా అమర్చండి. అది మీరు ఇంట్లో లేనప్పుడు కూడా కాపలా కాస్తుంది.

కరెంటు గురించి మీవారికి ఈ లెక్క చూపించండి. 75 వాట్ల బల్బులు మూడు 13 గంటలు వెలిగితే రోజుకు సుమారు 2.9 యూనిట్లు, నెలకు 88 యూనిట్లు. యూనిట్‌కు 15 సెంట్లనుకుంటే 13 డాలర్లు. ఇప్పుడున్న బల్బుకే ఆరు డాలర్ల దాకా అవుతోంది కాబట్టి పెరిగేది ఏడు డాలర్లే. వైద్యుడి దగ్గర ఒక్కసారి చూపించడానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న మొత్తం.

తెలుగు రాష్ట్రాల్లో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక హెచ్చరిక. మన పొలాల్లో, గుట్టల్లో కనిపించే ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం అన్నీ నేరాలే, శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఇక్కడి సలహాలను దానిమీద ప్రయోగించే ఆలోచన ఎవరికీ రాకూడదు. మీరు ఇండియాలో ఉన్న నెల రోజుల్లో మీ అబ్బాయి ఊళ్లో ఎక్కడైనా ఉడుమును చూసి ముచ్చటపడితే, దూరంనుంచి చూసి వచ్చేయమనండి.

ప్రయాణం జూన్ నెలాఖరున అంటున్నారు కాబట్టి ఈ మార్పులన్నీ మే చివరికల్లా పూర్తిచేసి, మూడు వారాలపాటు రోజూ పొద్దున దీపాలు వెలిగిన రెండు గంటలకూ, సాయంత్రం ఆర్పేముందూ వేడి కొలిచి ఒక కాగితం మీద రాయించండి. బయల్దేరే వారంలో బల్బులు, దూరాలు, పలకలు ఏవీ మార్చకండి. వైద్యుడు గాయం మానిందని చెప్పకపోతే, ఉడుమును అనుభవమున్నవారి దగ్గరే ఉంచి వెళ్లండి, పొరుగువారికి అప్పగించవద్దు. మానితే ఇంటికి వచ్చి చూసేవారికి టెంపరేచర్ గన్ వాడడం చేతబట్టి నేర్పించి, అదనపు బల్బులు, వైద్యుడి నంబరు టేబుల్ మీద పెట్టండి. మూడు బల్బులుండడంలో ఉన్న మేలు ఇక్కడ కూడా తెలుస్తుంది: ఒకటి మాడిపోయినా మిగిలిన రెండూ ఆ రోజుకు ఆదుకుంటాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు పోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. వేసవి గాలివానల్లో కూడా అలా పోవచ్చు. అప్పుడు ఇల్లు వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఉడుముకు ఒకటి రెండు రోజులు ప్రమాదమేమీ ఉండదు, కానీ బల్బులు మళ్లీ వెలిగేదాకా దానికి తిండి పెట్టవద్దని చూసేవారికి రాసిచ్చి వెళ్లండి.